అల్లుడి నోటి వాసన

నా అల్లుడు అంబదాస్ మళ్లీ తాగుతున్నాడని నాకు అనుమానం వచ్చింది. రుజువు కోసం వెతికాను.

రెండేళ్ల కింద అతను సిరిసిల్ల మార్కండేయ గుడిలో ఒట్టు పెట్టి తాగుడు మానేశాడు. అది భివండి మిల్లుల్లో పనిచేసినప్పుడు అంటుకున్న అలవాటు. దాంతో నా బిడ్డ నర్మద చాలా పడింది. ఒట్టు పెట్టిననాడు నేను పక్కనే ఉన్నాను. మళ్లీ ముట్టావంటే బిడ్డను తీసుకుపోతానని పదిమందిలో అన్నాను.

మొన్న మా పద్మశాలి సంఘం భవనంలో ఆరోగ్య పరీక్షల క్యాంపు పెట్టారు. అంబదాస్ లివర్ నంబర్లు ఉండాల్సినదానికి రెండింతలున్నాయి. కొవ్వు పట్టిందని స్కానింగ్ కాగితంలో రాశారు. కాగితం ఇచ్చిన అమ్మాయి "తాగుతరా?" అని అడిగింది. లేదన్నాడు. ఆమె అతని మొహం చూసింది, నా మొహం చూసింది, ఊరుకుంది. ఆ ఊరుకోవడమే నన్ను కుట్టింది.

కాగితం ఒక్కటే అయితే నేనూ ఊరుకునేవాణ్ణి. అతని కళ్లు ఎర్రగా ఉంటాయి. లేవగానే తల పట్టుకుంటాడు. నోరు ఎండిందని రెండు చెంబుల నీళ్లు తాగుతాడు. సాంచ ముందు నిలబడే కునుకుతాడు. సాంచ అంటే మా దగ్గర కరెంటు మగ్గం. పోగు తెగినా చూసుకోడు, గుడ్డ పాడవుతుంది. తాగినవాడు ఎట్లా లేస్తాడో నాకు తెలియనిది కాదు. మా అన్న అట్లాగే పోయాడు.

నర్మదను అడిగాను.

"ఎప్పుడన్న వాసనొచ్చిందా?"

"రాలే బాపు. గని కాయితం అబద్ధం చెప్తదా?"

"చెప్పది."

"మరేం జేద్దాం?"

"ఐతారం దాక సూస్త. దొరికితే తోల్కపోత. బట్టలు సర్దిపెట్టుకో."

ఆమె ఏడవలేదు. గోడకున్న సంచి దించింది.

సాంచలు బాగుచేయడం నా పని. అల్లుడింట్లో నాలుగు ఉన్నాయి. రాత్రి అతను నడుపుతాడు, పగలు నర్మద. బెల్టు చూస్తాననో బోల్టు బిగిస్తాననో రోజూ పోయాను. అటక మీద చూశాను. నూలు కండెల డబ్బాల్లో చెయ్యి పెట్టాను. నూనె డబ్బా మూత తీసి వాసన చూశాను. నూనె వాసనే వచ్చింది. వాడకట్టులో కిరాణం పెట్టుకున్న మల్లేష్‌ను అడిగాను.

"మీ అల్లుడా? నా కాడ సోడ గూడ కొనడు, దశరథం మామా."

"ఇంకోకాడ కొంటుండేమో."

"నువ్వు సాంచలు బాగుజేసెటోనివా, ఎక్సైజోనివా?" అని పగలబడి నవ్వాడు.

అంత నవ్వు ఎందుకో అర్థం కాలేదు. మల్లేషే పోస్తున్నాడేమో అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం పోయాను. సాంచలున్న రేకుల కొట్టం పక్కగదిలోనే అంబదాస్ పడుకుంటాడు. నాలుగు సాంచలు నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. మేము చేతులతోనే మాట్లాడుకుంటాం. నేను పోయినా అతనికి మెలకువ రాదు. మెల్లగా పోయి, వంగి, అతని నోటి దగ్గర నా ముక్కు పెట్టాను. ఊపిరి వదిలితే వాసన తెలుస్తుంది.

ఊపిరి రాలేదు.

ఇంకా వంగాను. రాలేదు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. గాలి మాత్రం లేదు. పెదవులు నల్లబడ్డాయి. అంతలో ఒక్కసారి గుర్రుమని దమ్ము తీశాడు. వదిలిన గాలి నా మొహానికి కొట్టింది. ఉల్లిగడ్డ వాసన. ఇంకే వాసనా లేదు. నాలుగైదు సార్లు తీసి మళ్లీ ఆగిపోయాడు.

గడపలోకి వచ్చి నర్మదకు చేతులూపాను. ఆమె సాంచలు ఆపి వచ్చింది. ఇల్లంతా నిశ్శబ్దమైంది. ఇద్దరం నిలబడి విన్నాం. గురక, ఆగడం, మళ్లీ ఉలిక్కిపడ్డట్టు గురక. నర్మద కొంగు నోట్లో పెట్టుకుంది.

సాంచ ఆగితే నడిపేవాడికి మెలకువ వస్తుంది. అంబదాస్ లేచాడు.

"ఎందుకు బంద్ జేసిన్రు? మామా, నా మీద ఏం సూస్తున్నవ్?"

నిద్రలో ఊపిరి ఆగుతోందని మాత్రం చెప్పాను.

మర్నాడు కరీంనగర్ పోయాం. డాక్టర్ మమతారాణి ఒక చిన్న పరికరం ఇచ్చింది. దాన్ని ముక్కుకూ వేలికీ తగిలించుకొని పడుకోమంది. ఆ మధ్యాహ్నమే పడుకున్నాడు. సోమవారం మళ్లీ పోతే లెక్క చూసి చెప్పింది.

"నిద్రల గొంతు మూసుకుపోతున్నది. గంటకు ముప్పై ఎనిమిదిసార్లు. అట్ల ఆగినప్పుడల్లా రక్తంల ఆక్సిజన్ పడిపోతది. రోజూ గిట్లయితే లివర్ తట్టుకోదు. కొవ్వు పేరుకుంటది, వాపు వస్తది. పొట్ట గూడ పెరిగింది, అదొకటి."

"తాగకుంటె గూడనా అమ్మా?"

"తాగకున్నా వస్తది."

"అంటే ఈయన తాగుతలేడని రుజువేనా?"

ఆమె కళ్లద్దాలు తీసింది. "అది నేను చెప్పలేను పెద్దాయనా. తాగినా గీ నంబర్లు పెరుగుతయి. ఊపిరి ఆగుతున్నదానికే రుజువుంది. తాగితే అది ఇంకా ఎక్కువైతది."

గొంతు మూసుకుపోకుండా గాలి ఊదే, మూతికి పెట్టుకునే మిషన్ రాసింది. దాంతో నిద్ర బాగవుతుంది కానీ, లివర్ బాగుకావాలంటే బరువు కూడా తగ్గాలంది. మిషన్ అమ్మితే ఆమెకేదో ముడుతుందనుకున్నాను. "ఏడ చవగ్గ దొరికితే ఆడ కిరాయికి తెచ్చుకోండి" అంది. ఆ అనుమానమూ నిలబడలేదు.

తిరుగు బస్సులో అంబదాస్ కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు.

"మామా, మల్లేష్‌ను అడిగినవ్. నూనె డబ్బను అడిగినవ్. డాక్టరమ్మను అడిగినవ్. నన్నెందుకు అడుగలే?"

"అడిగితే నిజం చెప్తవా?"

"అడుగు."

"తాగినవా?"

"ఒక్కసారి. ఒట్టు పెట్టినంక, మా అవ్వ దినాలనాడు. మా అన్నదమ్ముల పాలోళ్లు పోసిండ్రు, తాగిన. గంతే."

నేనన్న మాట ప్రకారం బిడ్డను తీసుకుపోవాలి. కానీ అబద్ధమాడేవాడైతే ఆ ఒక్కసారి కూడా చెప్పడు. డాక్టర్ ఇవ్వలేని రుజువు అదే అనిపించింది. అయినా నర్మదకు దాచకూడదనుకున్నాను. ఇంటికి రాగానే అతని ముందే చెప్పాను.

"అల్లుడు ఒకసారి తాగిండట."

"మా అత్త పదకొండొద్దులనాడు. నాకు ఎర్కే. ముక్కు నీకొక్కనికే ఉన్నదా బాపు?"

"వాసన రాలే అంటివి?"

"చెప్తే నువ్వు ఆగుతవా? అవ్వ సచ్చిన మనిషాయె. ఊకున్న."

"మరి మొన్న బట్టలెందుకు సర్దినవ్?"

ఆమె సంచి వైపు చూసింది. "గా కాయితం జూసి భయమైంది. నా ముక్కును నమ్మక కాయితాన్ని నమ్మిన. ఆయన పండుకుంటె నేను సాంచ కాడ, నేను పండుకుంటె ఆయన సాంచ కాడ. పెండ్లామై ఉండి మొగని గురక మొన్ననే విన్న."

అంబదాస్ తల వంచుకున్నాడు.

"ఇగ రాత్రి సాంచలు బంద్" అంది నర్మద. "పగలే ఇద్దరం నడుపుదాం. రాత్రి మిషన్ పెట్టుకొని పండుకో. నేను పక్కనే ఉంట."

"సగం కూలి పోతదే!"

"పోనీ."

అతను నా వైపు చూశాడు. నేను నర్మద వైపు తిరిగి సరేనని తల ఊపాను. చెప్పులేసుకొని ఒక్కణ్ణే ఇంటికి వచ్చాను.