నాగూర్ సాహెబు తీసిన ఆకాశము

ఆషాఢమాసము నడిమికి వచ్చెను. కృష్ణాతీరపు కాలువలన్నియు ఎఱ్ఱని క్రొత్తనీటితో నిండి కట్టల నొరసికొనుచు పాఱుచుండగా మోకాలిలోతు బురదలో వంగిన స్త్రీల వరుసలు నారు నాటుచు మడులయందు వెనుకకు వెనుకకు జరుగుచుండెను. పడమటిగాలి నల్లని మబ్బులను మందలు మందలుగా తోలుకొనివచ్చి రేపల్లె పట్టణముపై నిలిపి తా నెచ్చటికో పోయెను. సూర్యు డుదయించిన సంగతి గడియారము చెప్పవలసినదే గాని కంటికి తెలియదు. చుక్కలు కానరాక ఇరువది దినములు గడచెను. ఆకాశ మున్నదని నమ్ముటయే గాని చూచుటకు లేని అట్టి కాలమున ఒకనాటి పగలు లక్కోజు బ్రహ్మలింగాచారి జపము ముగించుకొని విభూతిరేఖల తడి యారకమునుపే వసారాలోని బల్లచెంతకు వచ్చి కూర్చుండెను.

బల్లపై నొక లాప్‌టాపును దాని ప్రక్క నొక పాత నలుపుతెలుపుల ప్రింటును ఉండెను. వానిముందు కూర్చున్న నడివయసు స్త్రీ షేక్ జైతూన్. ఆమె తెనాలిలో కళాశాల విద్యార్థులకు భౌతికశాస్త్రము బోధించును. తీరికవేళల మేడపై దూరదర్శిని నిలిపి చుక్కలకు ఫోటోలు తీయును. ఆ ప్రింటు ఆమె తండ్రి నాగూర్ సాహెబు తీసినది. సాహెబు రేపల్లెలో ముప్పదియేండ్లు ఫోటోస్టూడియో నడపిన వాడు. ఆచారి ఆ ముప్పదియేండ్లును ఆయన డార్కురూములో పనిచేసిన వాడు.

"మళ్ళీ కుదర్లేదు బాబాయ్" అని జైతూన్ కళ్ళజోడు తీసి బల్లపై పెట్టెను.

"ఎన్నోసారమ్మా?"

"లెక్కపెట్టటం మానేశా."

ఆచారి భార్య కామాక్షమ్మ మంచినీళ్ళ చెంబు తెచ్చి ఆతని చేతికిచ్చి తెరవంక చూచి "ఆ పెట్టెకి మీ నాయనంటే పడదేమోనే! ఊళ్ళోవాళ్ళకి మల్లే" అనెను.

జైతూన్ నవ్వెను గాని ఆ నవ్వు పెదవులు దాటలేదు.

ఆ లాప్‌టాపులోని సాధనము చేయు పని యేమనగా ఆకాశపు ఫోటో నొకదాని చూపినచో అందలి చుక్కలను నాలుగేసిగా కూర్చి వాని నడిమి దూరములను కొలిచి తనవద్దనున్న లక్షలాది నక్షత్రముల పట్టికతో పోల్చి ఈ ఫోటో ఆకాశమున ఫలానా చోటిదని చెప్పును. జైతూన్ తాను తీసిన ఫోటో నేది యిచ్చినను నాలుగు ఊపిరులు తీయునంతలో జవాబు వచ్చును. తండ్రి ఫోటో నిచ్చినప్పుడు మాత్రము సాధనము చాలసేపు వెదకి వెదకి పోలిక దొరకలేదని వ్రాసి ఊరకుండును. ఆ జవాబున కామె కింతగా ప్రాకులాడుటకు కారణ మున్నది.

నలువదేండ్ల క్రిందట అక్షయ నామ సంవత్సరపు ఉగాది వెళ్ళిన నాలుగవనాటి ప్రొద్దుగూకిన పిమ్మట నాగూర్ సాహెబు సైకిలుపై నిజాంపట్నపు సముద్రతీరమునకు పోయి డెబ్బదియాఱేండ్ల కొకమారు వచ్చు హేలీ తోకచుక్కను ఫోటో తీసికొని వచ్చెను. ఆయన కంటికి దక్షిణపు దిక్కున పొగవలె నేదియో కనబడినదట. దట్టమైన అద్దముల కళ్ళజోడుతో అంతకన్న చూడలేకపోయెను. ఆ స్టూడియోలో ఫోటో తీయుట సాహెబు వంతు. ఫిల్ము కడుగుట ప్రింటు వేయుట దానిని దిద్దుట ఆచారి వంతు. కావున ఆచారి దిద్ది యిచ్చిన ప్రింటునే సాహెబు మొదట చూచెను. నల్లని ఆకాశము నడుమ తెల్లని యొక గుండ్రని మసక. దానికి చట్రము కట్టించి వీధివైపు అద్దములో నిలిపెను. మఱునాటికే ఎదుటి టీకొట్టులో నవ్వు లేచెను.

"సాయిబుగారూ, తోకచుక్కని పట్టారు గానీ తోక ఒడ్డునే వదిలేసొచ్చినట్టున్నారే!"

"అది చుక్కేందిరా, ఆచారి తుమ్మినప్పుడు పడ్డ తుంపర!"

సాహెబు వారముదినము లోర్చి ఎనిమిదవనాడు చట్రము దింపి న్యూసుపేపరులో చుట్టి ఇనుపపెట్టె యడుగున పెట్టెను. మఱియెన్నడును కెమెరాను ఆకాశమువంక ఎత్తలేదు. ఫిల్ము మాత్రము తరువాతి తుపానున స్టూడియోలోని తక్కినవానితోపాటు నీట నాని ముద్దయై పోయెను. పదునాలుగేండ్ల క్రిందట మంచమున పడి కడపటి దినములలో నున్నప్పుడు ఆయన కూతును పిలిచి "నే తీసింది అదో కాదో నువ్వన్నా తేల్చు బేటీ. కాకపోతే కాదనే చెప్పు" అని యడిగెను. ఫోటో ఆకాశమున ఏచోటిదో తెలిసినచో ఆనాడు తోకచుక్క ఎచ్చట నుండెనో లెక్కించి ఆ మసక అదియో కాదో చెప్పవచ్చును. తెలియకున్నచో టీకొట్టువారి మాటయే కడపటి మాట యగును.

"లెన్సు యాభై మిల్లీమీటర్లదేనా బాబాయ్?"

"యాభయ్యే. ఇంకోటి యాడుంది మాకు?"

"ప్రింటేసేటప్పుడు ఫిల్ము తిరగబడిందేమో."

ఆచారికి కొంచెము పౌరుషము వచ్చెను. "మందువైపు కిందకే పెట్టా. ముప్పై ఏళ్ళలో నేనేసిన ప్రింటు తిరగబడుంటే ఎన్ని పెళ్ళికూతుళ్ళు కుడిపక్కకొచ్చి కూర్చునేవాళ్ళో నువ్వే చెప్పు!"

జైతూన్ ప్రింటును కుడియెడమలు మార్చి చూచెను. పెద్దది చేసిన కొలత తప్పేమో యని ఆ కొలతను హెచ్చించి తగ్గించి చూచెను. దక్షిణపు ఆకాశమునందు మాత్రమే వెదకుమని ఆజ్ఞాపించి చూచెను. అటుపిమ్మట ఆకాశమంతయు వెదకుమని విడిచి చూచెను. సాధనము ప్రతిమారును అదే మాట వ్రాసెను. తుద కామె ప్రింటు నెత్తి కిటికీ వెలుతురున పట్టుకొని చాలసేపు చూచి మెల్లగా ననెను.

"కరెంటు దీపం లేని సముద్రపు ఒడ్డు. ఆ రోజుల్లో. వందల చుక్కలు పడాలి బాబాయ్. ఇందులో ముప్పై కూడా లేవు. ఆకాశం ఇంత శుభ్రంగా ఉందేంటి?"

ఆ మాట చెవిబడగానే ఆచారి చేతిలోని చెంబు బల్లపై చప్పుడయ్యెను.

ఆచారి పని శుభ్రముగా నుండునని తెనాలినుండి బాపట్లవఱకు చెప్పుకొనెడివారు. వేసవిదుమ్ము ఫిల్ముపై పడి ప్రింటున తెల్లని నలుసులుగా తేలుట ఆ వృత్తియం దెల్లప్పుడు నుండునదే. నల్లసిరాలో తుమ్మబంక రంగరించి నాలుగు వెంట్రుకల కుంచెతో నలుసుకొక్క చుక్కగా అద్ది కప్పవలెను. తోకచుక్క ప్రింటు వేసిన నాటి మధ్యాహ్న మాతడు దానిని చూడగా సున్నపు తుంపర పడినట్లు నిండ తెల్లని నలుసులు. ప్రాణస్నేహితుడు మోజుపడి తీసిన ఫోటో దుమ్ముకొట్టుకొని యుండుట సహింపక మధ్యాహ్నము మొదలు దీపములవేళవఱకు వంచిన మెడ ఎత్తక ఒక్కొక్కదానినే కప్పెను. పెద్ద చుక్కలను మాత్రము విడిచెను. పెరటిలో నిలిచి తలయెత్తిన తనకు కనబడు చుక్కలు ఆపాటివే గదా యని. కంటికి కానరాని దేవుని ఉదయ సాయంకాలము లర్చించువాడు కంటికి కానరాని చుక్కలున్నవని యేల తలపలేకపోయెనో! అంతటితో పోనీయక ఒకవైపు ఆకాశము బోడిగా నున్నదని పెండ్లికూతురి కనుపాపలలో మెఱుపు దిద్దునట్లు కత్తిమొనతో గీఱి కొన్ని చుక్కలు తానే పెట్టెను.

ఇది యంతయు నొక్క క్షణములో నాతనికి స్ఫురించెను. చెప్పకున్నచో నెవరికిని తెలియదు. ఆ పిల్ల మఱి నాలుగుమాఱులు ప్రయత్నించి ప్రింటు పాతబడినదని సరిపెట్టుకొని తెనాలికి పోవును. ఆతడు దేవుని గదివంక ఒకమాఱు చూచెను. అచ్చట దీపము తన పాటికి తాను వెలుగుచుండెను.

"నేనే జెరిపేశా తల్లీ" అనెను.

"ఏంటి?"

"చుక్కల్ని. దుమ్మనుకున్నా. సిరా అద్ది చంపేశా అన్నిట్నీ. కొన్ని నావి పెట్టా, అందంగా ఉంటయ్యని."

జైతూన్ ముఖ మెఱ్ఱబడెను. "నాన్న పెట్టె అడుగున పెట్టేసుకున్నప్పుడన్నా చెప్పొచ్చుగా బాబాయ్!"

"తెలిస్తే గదమ్మా చెప్పేది! టీకొట్టోళ్ళు నవ్వుతుంటే నేను గూడా... పైకి నవ్వలా, అంతే. సాయిబుగారు పొరబడ్డారేమో అనుకున్నా."

చూరునుండి నీటిబొట్లు రాలుచుండెను. తుదకు ఆచారి ముక్కుతో వాసన చూచునంత దగ్గఱగా ప్రింటును కంటికి చేర్చుకొని "బంక కలిపిన సిరా లోపలికి దిగదు. పైనే ఉంటది. తడిదూదికి రావాలి" అనెను, వెంటనే "తడెక్కువైతే బొమ్మే ఊడొస్తది. ఉన్నది ఇదొక్కటే" అనెను.

జైతూన్ ఆతని వ్రేళ్ళవంక చూచెను. "మీ చెయ్యి ఒణుకుతుందా బాబాయ్?"

"అన్నం తినేటప్పుడు ఒణుకుద్ది. పనప్పుడు తెలీదు. కూర్చున్నాక చూడాలి."

ఆమె మొదట ప్రింటు నున్నదున్నట్లు మఱల ఫోటో తీసి భద్రపఱచి పిమ్మట నాతని ముందుంచెను. కామాక్షమ్మ గోరువెచ్చని నీరు గిన్నెలో తెచ్చెను. ఆచారి పుల్లకు దూది చుట్టి తడిపి పిండి పెదవి కానించి తడి యెంతయో చూచుకొని భూతద్దము క్రింద ఒక మూలను తాకించెను. దూది నల్లనయ్యెను. ప్రింటుమీద నొక చుక్క లేచెను. దాని ప్రక్క మఱియొకటి. ఆతడొక గుక్కెడు నీరైనను త్రాగక పగలంతయు వంగి కూర్చుండి ఏనాడో తాను మూసిన కన్నుల నొక్కొక్కటిగా తెఱచెను. పట్టపగలు మబ్బుక్రింద ఆ బల్లపై నిజాంపట్నపు ఆకాశము తెల్లవాఱినట్లుగా గాక చీకటిపడినట్లుగా చుక్కలతో నిండుచువచ్చెను. సైకిలుగంట మ్రోగించుచు వాకిట దిగి "ఆచారీ, కడుగు తొందరగా, దొరికినట్టే ఉంది!" యని కేకవేసిన స్నేహితుని గొంతు ఇన్నేండ్లకు ఆతని చెవిలో మఱల వినబడెను.

"నావి ఇవిగో, పదకొండు" అని ఆతడు పెన్సిలుమొనతో చూపి లెక్కించెను. "నే గీకిన చుక్కకి అంచు కోసినట్టుంటది తల్లీ. పైనున్నాయన పెట్టినదానికి అంచుండదు."

జైతూన్ క్రొత్తగా ఫోటో తీసి ఆ పదకొండింటిని తెరపై తుడిచివైచి సాధనమున కిచ్చెను. మూడవ ఊపిరికి జవాబు వచ్చెను. దక్షిణాకాశపు కిన్నరమండలము. చుక్కలప్రక్క పేళ్ళు తెరపై బారులు తీఱెను. నడుమనున్న గుండ్రని మసకప్రక్క నొక పేరు నిలిచెను. అది చదివి జైతూన్ ముఖము వాడిపోయెను.

"ఇది తోకచుక్క కాదు బాబాయ్. నక్షత్రాల గుత్తి. ఎప్పుడూ అక్కడే ఉంటది. ఈ వేసవిలో నేనూ తీశా."

"అయితే ఊరోళ్ళు నవ్వింది నిజమేనా?" యని ఆచారి యడిగెను.

ఆమె ప్రింటు వెనుక తండ్రి చేతివ్రాతతో నున్న తేదీని సమయమును లాప్‌టాపున కెక్కించి ఆవేళ తోకచుక్క ఎచ్చట నుండెనో అడిగెను. తెరపై చిన్న వలయ మొకటి మసకను విడిచి జరిగి జరిగి ప్రింటు అంచువైపు పోయి నిలిచెను. అచ్చట నేమియును లేదు, వట్టి నలుపు.

ఆచారి ఆ చోటును చూచి "అక్కడ మరకుందమ్మా. హైపో మరక, ప్రింటు కడిగే మందుది. అంచులకి పడుతుండేది. పెళ్ళిఫోటోల్లో ఎన్ని కప్పానో. మూడు పూతలేశా దానికి. చుక్క కాదు గదాని ఇప్పుడు కడగలా" అనెను.

ఆమె భూతద్దమును ఆతనివైపు జరిపెను.

"కడగండి బాబాయ్" అని జైతూన్ మెల్లగా ననెను.

ఆచారి దూదిని మఱల తడిపెను. ఎడమచేతితో కుడి మణికట్టును పట్టుకొని మొదటి పూతను తీసెను, రెండవది తీసెను. మూడవది లేచునప్పటికి నలుపులోనుండి పాలు విరిగినట్టి యొక తెల్లదనము తేలి చిక్కనై ఒకవైపు తలయై మఱియొకవైపు చిన్న విసనకఱ్ఱవలె విచ్చుకొని చెదరి ఆకాశమున కలిసిపోయెను. జైతూన్ రెండు చేతులతో నోరు మూసికొనెను. కామాక్షమ్మ "ఇదేనంటే?" యని యడిగి జవాబునకు కాచుకొనక ఆమె తలపై చేయి వేసెను.

"ఇదే పిన్నీ. నాన్న తీశాడు" అని మాత్ర మామె యనెను.

అద్దుడుకాగితముల నడుమ ప్రింటు నారబెట్టుకొని జైతూన్ సాయంకాలపు బస్సున కేగుచు వాకిట నిలిచి "కోపం పోలేదు బాబాయ్. కానీ మళ్ళీ వస్తా" అనెను. "రా తల్లీ, కోపంతోనే రా" అని ఆచారి యనెను.

ఆమె పోయిన పిదప నాతడు వసారాలో నూరక కూర్చుండి ఇంటిలోనికి చూచెను. నడిమింటి గోడమీద ఆతని తల్లి ఫోటో యుండెను. అదియును ఆతడు దిద్దినదే. ఆమె చిన్ననాట తన తండ్రి కుంపటినుండి ఎగిరిన నిప్పు తగిలి ఆమె నుదుట తెల్లని మచ్చ యుండెడిది. తల్లి అందముగా నుండవలెనని ఆతడే దానిపై సిరా అద్దెను.

"ఏమే, మా అమ్మ నుదుట మచ్చ ఏవైపుండేది?"

"ఎడమపక్క గదూ" అని కామాక్షమ్మ యాగి "కాదు, కుడిపక్కా? ఫోటోలో జూడండి, నన్నడుగుతారేం?" అనెను.

"ఫోటోలో లేదే" యని ఆచారి లేచెను.

ప్రేమతో దిద్దినవా డగుటచేతనే మనుష్యుడు తన దిద్దుబాటును తప్పని యెంచడు గాబోలు. సృష్టించినవాడు పెట్టిన మచ్చయేదో మన చేతికంటిన మరకయేదో ముప్పదియేండ్లు అదే పని చేసినవానికిని తెలియకపోయినచో తక్కినవారిమాట యేమి చెప్పవచ్చును? ఆతడు గోడమీది చట్రము దింపి అద్దము విప్పి దీపమునకు దగ్గఱగా కూర్చుండెను. క్రొత్తదూదిని పుల్లకు చుట్టి నీట ముంచి పిండి తల్లి నుదుటి ఎడమవైపున మెల్లగా నానించెను. అచ్చట నేమియును లేదు. కుడివైపున నానించెను.