పది శాతం పోగులు

జీతాల ఒప్పందం కుదిరిన ప్రతిసారీ తలా ఇంత వేసుకుని యాటను కోయడం మా హోసూరు ఫ్యాక్టరీలో ఆనవాయితీ. మాంసాన్ని ఆకుల మీద పోగులు పెట్టేది నేనే. అంచెట్టిలో గొర్రెల మంద వెనక పెరిగినదాన్ని, మంజులమ్మ పోగుల్లో ఒక్క ముక్క తేడా రాదని పేరు. 1998లో ఆ పేరు నేనే చెడగొట్టుకున్నాను. కావాలనే చెడగొట్టుకున్నాను!

ఆ శనివారం యూనియన్ లీడర్ రఘునాథ్ గేటు దగ్గర స్టూలెక్కాడు. "స్వీపరు నుంచి మేనేజరు దాకా అందరికీ సమంగా పది శాతం! సోమవారం కృష్ణగిరి లేబర్ ఆఫీసులో సంతకాలు," అన్నాడు. మగవాళ్ళు ఒకటే ఈలలు. నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళ కిందటా ఇలాగే 'సమంగా' పెంచారు. మా ప్యాకింగ్ ఆడవాళ్ళకు పెరిగింది బస్సు చార్జీకి చాలలేదు. మిషన్ మీద పనిచేసే నాగేశప్ప మోపెడ్ కొన్నాడు. మేనేజరు కారే మార్చేశాడు. ఇదేం సమం, నా మొహం!

"శాతం వద్దప్పా, అందరికీ ఒకే మాదిరి రూపాయల్లో పెంచమనండి," అని అరిచాను.

"నువ్వు ఊరుకోమ్మా, ఈ లెక్కలు నీకెందుకు?" అన్నాడు నాగేశప్ప.

సంతకమైపోతే మళ్ళీ మూడేళ్ళు నోరెత్తడానికి లేదు. ఆ కడుపుమంటతోనే ఆదివారం కత్తి పట్టుకున్నాను.

సంచులతో వచ్చినవాళ్ళు ఆకులు చూసి నోరు తెరిచారు. ప్యాకింగ్ వాళ్ళ ఆకుల్లో గుప్పెడు ముక్కలు. మిషన్ వాళ్ళకు అంతకు రెండింతలు.

"ఏమ్మా ఇది? అందరమూ ఒకే దుడ్డు వేసినాము కదా!" అంది నా పక్కన పనిచేసే కాళమ్మ, ఏడుపు గొంతుతో.

"సమంగానే పెట్టినాను. జీతమెంతో పోగూ అంతే. శాతం లెక్క."

నాగేశప్ప నవ్వి, తన పోగు ముందు సంచి తెరిచాడు.

"ఉండప్పా, ఇంకొకటుంది. చూసి పో," అని పక్కనున్న గోనెపట్టా లాగాను. కింద రెండు తొడలు, తలకాయ. సగం యాట అక్కడే ఉంది.

"ఇదెవురిది?"

"మేనేజరు సారుది. ఆయప్పకూ పది శాతమే కదా!"

"ఆయప్ప పైసా వేయలేదే! ఈడికి రానే లేదే!"

"రాకపోయినా సగం ఆయప్పకే పోతా ఉంది కదప్పా. దానికి రేపు సంతకం పెట్టేది మీరే."

నాగేశప్ప మొహం ఎర్రబడింది. తన ఆకెత్తి మాంసమంతా నా ముందున్న చాప మీద కుమ్మరించాడు. "కలిపెయ్యమ్మా," అని పక్కనున్న రఘునాథ్ వైపు తిరిగాడు. "రఘునాథప్పా, రూపాయల్లో అడుగుదాము. లేదంటే సంతకం వద్దు," అన్నాడు.

మేనేజ్‌మెంట్ ఊరికే దిగిరాలేదు. బెదిరించింది, మిషన్ వాళ్ళను పక్కకు పిలిచి ఆశపెట్టింది. నాగేశప్ప కదల్లేదు. నేను తిట్టుకున్న ఆ మనిషే! ఆఖరికి రఘునాథ్ కృష్ణగిరి నుంచి వచ్చి మళ్ళీ స్టూలెక్కాడు. "అందరికీ ఒకే మొత్తం, రూపాయల్లో!"

మళ్ళీ గేటు దగ్గరే యాటను కోశాం. ఈసారి నా పోగుల్లో ఒక్క ముక్క తేడా లేదు. నాగేశప్ప తన ఆకూ కాళమ్మ ఆకూ రెండు చేతుల్లో ఎత్తి చూశాడు.

"ఏమప్పా, సరిపోయిందా?"

"సరిగ్గా ఉందమ్మా!"

అంతే, కాళమ్మ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. ఆ గేటు దగ్గర ఆడవాళ్ళ ఈల వినబడడం అదే మొదటిసారి.