అకాలు షేక్ అరచెయ్యి

అస్సాంలోని ధుబ్రీ రేవులో పడవలు విప్పేముందు సరంగులంతా అకాలు షేక్ ఇంటికి వచ్చి పోయేవారు. ఆయన గుమ్మంలో కూర్చుని ఎడమచేత్తో టీ తాగుతూ కుడిచెయ్యి చాపేవాడు. రాత్రికి రాత్రి బ్రహ్మపుత్ర ఎటు ఒరిగితే ఆయన అరచేతి గీతలు అటు ఒరిగేవి. కొత్తగా ఇసుకమేట వేసినచోట చిన్న కాయ లేచేది. అది చూసుకుని దారి పట్టేవారు.

"చెయ్యి గట్టిగా తోమకు చాచా, వరదొచ్చేస్తుంది" అనేవాడొకడు.

"నీ పడవ ముంచడానికి వరదెందుకురా, దానికున్న చిల్లు చాలు!"

ఆ గీతల్లో పెద్దది సరిహద్దు దాటి, మణికట్టు దగ్గర చిల్మారీలో ఆగేది. అక్కడ బంగ్లాదేశ్ ఒడ్డున ఆయన చెల్లెలు మొమెనా కాపురం. పడవెక్కితే ఒక్క పగటి ప్రయాణం. కాగితాలు కుదరక, ఆమెను చూసి ఇరవై రెండేళ్ళయింది.

రెండు దేశాల మధ్య యాత్రికుల ఓడ నడుపుతామంటూ ఒక కంపెనీ దిగింది. ఇంజనీరు కలితా మొదటిరోజే అకాలు చేతిముద్ర తీసుకుని పనిలో పెట్టుకున్నాడు.

"తొలి ఓడకి దారి చూపేది నువ్వే చాచా. చెల్లెలింట్లో అన్నం తినొద్దువుగాని" అన్నాడు.

రెండేళ్ళపాటు కలితా ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని గీతలు కాగితం మీదికి ఎక్కించుకున్నాడు. వాటి ప్రకారం యంత్రాలు మేటలు తవ్వి, మెలికలు తీసి, నదిని తిన్నగా చేశాయి. దాంతోపాటే అరచేతి గీతలూ తిన్ననయ్యాయి. కాయలు అణిగాయి. సన్నగీతలు మాసిపోయాయి. వేలికొసల సుళ్ళు కూడా చెరిగి, నున్నటి చేతిలో నిలువునా ఒక్క గీత మిగిలింది. సరంగులు రావడం మానేశారు.

ఓడ బయలుదేరేరోజు అకాలు కొత్త లుంగీ కట్టుకుని, మొమెనాకి కొన్న చీర చంకన పెట్టుకుని రేవుకొచ్చాడు. తనిఖీ బల్ల దగ్గర ముద్రలు పోల్చే మిషన్ మీద చెయ్యి పెట్టమన్నారు. పెట్టాడు. మళ్ళీ పెట్టమన్నారు.

"ఇది అకాలు షేక్ చెయ్యి కాదు" అన్నాడు అధికారి.

"మరెవరిది బాబూ?"

"అది మిషన్ చెప్పదు. పక్కకి జరుగు."

కలితా అక్కడే యాత్రికుల మెళ్ళో దండలు వేస్తున్నాడు.

"సారూ, నేనెవరో మీరైనా ఒక్కమాట చెప్పండి."

కలితా ఆ చేతివైపు చూడలేదు. "నా మాటదేముంది చాచా? మిషన్ ఒప్పుకోవాలి కదా" అన్నాడు.

దారి చూపేవాడు లేకుండానే ఓడ సాగిపోయింది. తిన్నని నదికి దారి చూపేవాడెందుకు?

పొద్దు వాలుతుండగా మొమెనా ఫోన్ చేసింది. ఆమె వెనక బ్యాండు మోగుతోంది.

"ఓడొచ్చిందన్నా! మమ్మల్ని తాడు ఇవతలే ఆపేశారు. నువ్వేడ? దిగవా?"

అకాలు గొంతు సవరించుకున్నాడు. "డ్యూటీ మీద ఉన్నానమ్మా. ఓడ వదిలి రాకూడదంట."

"ఒక్క క్షణం కూడానా?" అంది ఆమె. అంతలో గట్టిగా నవ్వింది. "ఆగాగు... పైఅంతస్తులో తెల్లచొక్కా! ఇటే చూసి చెయ్యూపుతున్నావు, అది నువ్వేనా?"

"ఊఁ, నేనే" అన్నాడు అకాలు. "ఇంకా ఊపుతున్నానా?"

"ఊపుతున్నావన్నా."

"అయితే నువ్వూ ఊపు."