బద్ద వెనక గీత

కాగితం లేని కాలంలో రాతకు వాడిన వెదురు బద్దలవి; యుజెన్ ఊపిరి బిగబట్టి నూట పన్నెండోదాన్ని నీళ్ళలోంచి లేపింది. లేపడమంటే వేళ్ళతో కాదు. రెండువేల మూడువందల ఏళ్ళు నీళ్ళు నిండిన సమాధిలో నానిన వెదురు ఉడికిన నూడుల్‌లా ఉంటుంది, పట్టుకుంటే తెగిపోతుంది. అడుగుకి గాజుపలక జార్చి, పలకతో సహా ఎత్తాలి. తరవాత సన్నటి కుంచెతో ఒక్కో అక్షరం మీది బురదను, పసిబిడ్డ కంటి పుసి తీసినట్టు తీయాలి. చైనాలో, జింగ్‌జౌలోని ఆ ప్రయోగశాలలో పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని ఇదే. వేళ్ళ చివర్లు ఎప్పుడూ ముడతలు పడి తెల్లగా ఉండేవి. కుడి భుజం ఎడమదానికంటే అంగుళం కిందికి దిగిపోయింది. ఈమధ్య ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతోంది కానీ ఎవరికీ చెప్పలేదు. తాత్కాలిక ఉద్యోగి; చెబితే ఇంటికి పొమ్మంటారు.

బద్దల మీద ఉన్నవి తావో గురువుల గాథలని ఆమెకు తెలుసు. ఏం గాథలో తెలియదు. ఆ పాత లిపి ఆమెకు రాదు. బద్దల వెనకవైపు మాత్రం కొట్టినపిండి. బొంగును చీల్చకముందే ఎవడో పనివాడు దాని చుట్టూ కత్తితో ఏటవాలుగా ఒక గీత గీసేవాడు. చీల్చాక ఒక్కో బద్ద మీదా ఆ గీత ముక్క మిగులుతుంది. కట్టిన దారాలు కుళ్ళి బద్దలు చెల్లాచెదురైనా, గీతలు కలుపుకుంటూ పోతే వరస తెలుస్తుంది.

ఆ ఉదయం ఫాంగ్ లె, ముందే తీసిన బద్దల ఫోటోలు కంప్యూటర్‌లో చదువుతూ కేకేశాడు. బద్దలకు వరస కట్టి పుస్తకం తెస్తున్న పరిశోధకుడు అతను; ముప్ఫై దాటలేదు. సాయంత్రానికి పుస్తకం అచ్చుకు వెళ్ళాలి.

"పిన్నీ, నూట పన్నెండు వంటవాడి గాథలోది. ఆ ట్రేలో పెట్టెయ్యి."

యుజెన్ గాజు కింద అద్దం పెట్టి చూసింది.

"ఇది అక్కడిది కాదు. నది ట్రేది. నూట పదకొండు పక్కన ఉండాలి."

"నదిదెలా అవుతుంది? ఇందులో బియ్యం కడగడం ఉంది."

"ఏముందో నాకేం తెలుసు? గీత కలుస్తోంది. కణుపూ కలుస్తోంది."

"గీతలు ఒక్కోసారి తప్పుతాయి పిన్నీ. ఉపమానం తప్పదు. నదితో మొదలెట్టినవాడు నదితోనే ముగిస్తాడు. పొంతన ఉండాలి కదా!"

"అయితే చదువు, వింటా. ఇన్నేళ్ళూ వీటికి స్నానాలు చేయించాను, ఒక్కదానితోనూ మాట్లాడిన పాపాన పోలేదు."

ఫాంగ్ నవ్వి, కుర్చీ ఇటు లాక్కుని చదివాడు. తమ్ముడు ఏట్లో కొట్టుకుపోయిన ఒకడు ఒడ్డున కూర్చుని, నా తమ్ముణ్ణి ఇచ్చెయ్యమని నదిని అడిగాడు. 'వాణ్ణి తీసుకుపోయిన నది నేను కాదు, అది నిన్ననే సముద్రానికి వెళ్ళిపోయింది' అన్నది నది. వాడు సముద్రందాకా నడిచాడు. 'ఇక్కడ నదులెవరూ లేరు, నీళ్ళే ఉన్నాయి' అన్నది సముద్రం.

"నూట పదకొండు అక్కడితో అయిపోయింది. తరవాతి బద్ద దొరకలేదని రాశాను."

"మరి ఈ నూట పన్నెండులో?"

"'ఇంటికి వచ్చాడు. బియ్యం కడిగి, ఆ నీళ్ళు వాకిట్లో పారబోశాడు.' చూశావా? ఎక్కడి సముద్రం, ఎక్కడి బియ్యం!"

యుజెన్ చేతిలో కుంచె నీళ్ళలోనే ఆగిపోయింది.

"పెద్ద వరద వచ్చిన ఏడు మా ఆయన ఇసుక పడవ మీదనుంచి యాంగ్‌జీ నదిలో పడిపోయాడు. తెలుసా నీకు?"

ఫాంగ్‌కు తెలియదు. అక్కడ ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"పదకొండు రోజులు గట్టు పట్టుకు తిరిగాను. కనబడిన ప్రతి పడవవాణ్ణీ అడిగాను. దొరకలేదు. పన్నెండో రోజు ఇంటికొచ్చి బియ్యం కడిగాను. పిల్లకి ఆకలేస్తోంది మరి." కుంచె దులిపి పక్కన పెట్టింది. "ఇందులో కలవనిదేముంది బాబూ?"

ఫాంగ్ కుర్చీని మళ్ళీ కంప్యూటర్ వైపు తిప్పుకున్నాడు.

"భోజనాలయ్యాక చూస్తాను పిన్నీ."

డబ్బాలో తెచ్చుకున్న తామరదుంప కూర, అన్నం యుజెన్ సగమే తిన్నది. అందరిలాగే బల్లమీద చేతులు మడిచి, వాటిమీద తల వాల్చి కాసేపు కన్నుమూసింది. కునుకు కోసం ఆర్పిన దీపాలు రెండింటికి మళ్ళీ వెలిగాయి. అందరూ లేచారు. ఆమె లేవలేదు. పాపం, అలిసిపోయింది, పడుకోనివ్వండి అన్నాడు ఫాంగ్. చప్పుడు కాకుండా భూతద్దం తెచ్చి, నూట పదకొండును, నూట పన్నెండును పక్కపక్కన చేర్చి వెనకనుంచి చూశాడు. గీత ఒక బద్దలోంచి మరో బద్దలోకి, తెగని వెంట్రుకలా సాగిపోయింది.

"పిన్నీ, కలిసింది!" అంటూ భుజం తట్టాడు.

భుజం చల్లగా తగిలింది.

డాక్టరు వచ్చి, గుండె ఆగి గంటయిందన్నాడు. వుహాన్‌లో ఉన్న కూతురు సాయంత్రం రైల్లో వచ్చి అమ్మను తీసుకువెళ్ళింది. ఫాంగ్ నూట పన్నెండో బద్దను నది ట్రేలో పెట్టాడు. అచ్చుకు వెళ్ళే కాగితంలో 'తరవాతి బద్ద దొరకలేదు' అన్న మాట కొట్టేశాడు. దీపం ఆర్పబోతూ ఆమె బల్ల దగ్గర ఆగాడు. మోచేతిదాకా తొడుక్కునే గుడ్డ తొడుగులు రెండు, అన్నానికి లేచేముందు విప్పి తగిలించినవి, గోడ మేకుకు వేలాడుతున్నాయి. ఎవరో మగవాడి చొక్కా చేతులు కత్తిరించి కుట్టుకున్నవి. ఒకదానికి బొత్తాం ఇంకా ఉంది, అంచుల తడి ఇంకా ఆరలేదు.