చేతిలో ఇనుము

మదనపల్లె టమాటా మార్కెట్లో ఒక ఉదయం జరిగిన సంగతి ఇది. చూసినవాళ్ళెవరికీ అందులో తప్పేమీ కనిపించలేదు. మునిశేఖర్ అనే లారీ డ్రైవరు టీ తాగుతూ ఉన్నట్టుండి కిందపడి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. నోట నురగ వచ్చింది. హమాలీలు పరుగున వచ్చి, అతని జేబులోని లారీ తాళంచెవిని తీసి పిడికిట్లో పెట్టి బిగించారు. మూర్ఛ వచ్చినవాడి చేతిలో ఇనుము పెట్టాలని మనకెవరు నేర్పారో గానీ, బాగా నేర్పారు. కాసేపటికి మూర్ఛ దానంతటదే తగ్గింది. ఘనత మాత్రం ఇనుముకు దక్కింది.

కుప్పంలో అతన్ని చూసిన డాక్టరమ్మ వీణ అంతకుముందే కచ్చితంగా చెప్పింది. మాత్రలు రోజూ వేసుకోవాలి, ఇక స్టీరింగు ముట్టకూడదు. చట్టమూ ఆ మాటే అంటుంది. కానీ మాత్రలు మగత తెస్తాయని లోడు ఉన్న రోజుల్లో అతను వాటిని మానేసేవాడు. బండి నడపకూడనివాడు, నడపడం కోసమే మందు మానుకున్నాడన్నమాట. లైసెన్సు రెన్యూవల్‌కు ఆరోగ్యం బాగుందని సంతకం పెట్టిన ఇంకో డాక్టరు అతని ముఖమైనా చూడలేదు.

ఆ ఉదయం మునిశేఖర్‌కు భయం వేసింది. బట్టలు దులుపుకుని లారీ ఓనరు గోవిందరాజులు దగ్గరికి వెళ్ళాడు. మండీలో కాపలా పనైనా సరే ఇప్పించమని బతిమాలాడు. గోవిందరాజులు నవ్వాడు.

"స్టీరింగు ఇనుమే కదప్పా. పొద్దస్తమానం ఇనుము పట్టుకోని ఉండేవానికి ఫిట్స్ యాడ నుంచి వస్తాది? సరుకు మెత్తబడతాండాది, బయల్దేరు. చేతగాదంటే చెప్పు, డ్రైవర్లు బోలెడు మంది ఉండారు."

చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. మునిశేఖర్ ఇంటికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు. భార్య రెడ్డెమ్మ వద్దనలేదు, జాగ్రత్తగా పొమ్మంది. ఆమెను తిట్టడానికి మనమెవరం? పొయ్యి వెలగాలంటే లారీ కదలాలి.

పుంగనూరు పొలిమేరలో పావని బస్సు కోసం నిలబడి ఉంది. ఆమె పలమనేరులో నర్సు. సరిగ్గా అక్కడే మునిశేఖర్ చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోయాయి. ఇనుమును అతనెన్నడూ అంత గట్టిగా పట్టుకోలేదు. లారీ రోడ్డు దిగింది. పావని అక్కడికక్కడే చనిపోయింది. జనం చేరారు. కొందరు టమాటాలు ఏరుకున్నారు. ఒక పుణ్యాత్ముడు మాత్రం కేబిన్ ఎక్కి, కొట్టుకుంటున్న డ్రైవరు చేతిలో తాళంచెవి పెట్టాడు.

మునిశేఖర్ రోగం దాచి తనను మోసం చేశాడని గోవిందరాజులు పోలీసుల ముందు వాపోయాడు. మార్కెట్లో చూసినవాళ్ళెవరూ నోరు విప్పలేదు. గోవిందరాజులు ఇంకో లారీ అప్పటికే లోడెత్తుకుని చెన్నై దారి పట్టింది.

మరునాడు ఆసుపత్రిలో బిడ్డ శవం కోసం కాచుకున్న పావని తల్లి చౌడమ్మ కాళ్ళ మీద రెడ్డెమ్మ పడింది. చౌడమ్మ ఆమెను కొట్టలేదు. డ్రైవరుకు ఆ రోగం ఉన్నట్టు ఎవరెవరికి తెలుసని ఒక్కటే అడిగింది.

"అందరికీ తెలుసమ్మా," అంది రెడ్డెమ్మ. "కూడు పోతాదని నేను చెప్పలేదు. లోడు ఆగిపోతాదని మండీవాళ్ళు చెప్పలేదు."

చౌడమ్మ ఆమెను లేపి పక్కన కూర్చోబెట్టింది. కోపం లేని గొంతుతో అంది:

"రోగమొచ్చేది ఎవురి తప్పూ కాదు తల్లీ. రోగమొచ్చినోనికి ఇంకో పని ఇయ్యకుండా, తెలిసి తెలిసీ బండెక్కిచ్చినారే, నా బిడ్డను సంపింది ఆ రోగం కాదు, మీరందరూ."