ఎడమ కాలమ్ అడుగున రెండు నంబర్లు

సోమవారం ఉదయం తొమ్మిదీ నలభైకి శిక్షణ కేంద్రం గోడ మీద అంటించిన జాబితాలో, ఎంపికైనవారి శీర్షిక కింద ఉండకూడని నంబర్లు రెండు ఉన్నాయి. ఒకటి 2093, రెండోది 1846. రెండూ వెయిటింగ్ జాబితాలోవి. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో సీట్లు అరవై. 1846 నంబరు అభ్యర్థి, ఆ జాబితాను కంప్యూటర్‌లో పేజీగా కూర్చిన ఆపరేటర్‌కి మేనకోడలు.

జాబితా అచ్చువేసిన ప్రెస్, శిక్షణ కేంద్రానికి రెండు వీధుల అవతల ఉంది. ముందు గదిలో ఓనర్ బల్ల, లోపలి గదిలో రెండు కంప్యూటర్లు, వెనక మెషిన్. ఆపరేటర్ వయసు నలభై తొమ్మిది. ఆ కుర్చీలో ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటోంది. మ్యాటర్ ఎంత ఇచ్చినా లైను తేడా లేకుండా పేజీలో సరిపెడుతుందని ఆమెను అక్కడ స్కేలక్క అంటారు.

కాలమ్‌ను ఒకచోట ఆపి, మిగతాది పక్క కాలమ్‌లో మొదలుపెట్టాలంటే లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో దానికో గుర్తు ఉంది. కాలమ్ బ్రేక్ అంటారు. కర్సర్ పెట్టి ఆ గుర్తు వేస్తే, దాని తర్వాత ఉన్నదంతా పక్క కాలమ్ పైకి పోతుంది. పైన లైన్లు తీసేసినా, చేర్చినా మ్యాటర్ అక్కడే విడిపోతుంది. స్కేలక్క ఆ గుర్తు వాడదు. పదకొండేళ్ల కిందట ఒక పుస్తకంలో ఎవరో వేసి మరిచిపోయిన బ్రేకుల వల్ల ఎనిమిది పేజీలు ఖాళీగా అచ్చయ్యాయి. మాట ఆమె పడింది. అప్పటి నుంచి లైన్లు లెక్కపెట్టి, కాలమ్ పెట్టె ఎత్తు వాటికి సరిపోయేలా కోస్తుంది. అరవై లైన్లకి అరవై లైన్ల పెట్టె. అరవై ఒకటో లైను అందులో పట్టదు కాబట్టి తనంతట తనే పక్క పెట్టెలోకి పోతుంది. అచ్చయ్యాక చూస్తే బ్రేక్ వేసిన పేజీకీ, దీనికీ తేడా తెలియదు. ఓనర్‌కి కూడా తెలియదు.

శనివారం ఉదయం జాబితాను అలాగే కూర్చింది. ఎడమ పెట్టెలో ఎంపికైన అరవై నంబర్లు, కుడి పెట్టెలో వెయిటింగ్‌లో ఉన్న నలభై. శీర్షికలు రెండూ విడిగా పైన. నంబర్లు మార్కుల వరుసలో ఉన్నాయి. పక్కన వరుస సంఖ్య వేయొద్దని కేంద్రం చెప్పింది. వేస్తే నా ర్యాంకు ఇంతేనా అని ఫోన్లు చేసి ప్రాణం తీస్తారని అక్కడి గుమస్తా వివరణ.

పని అయ్యాక ఆమె 1846 కోసం వెతికింది. కుడి కాలమ్‌లో, పైనుంచి రెండో లైనులో ఉంది. దానిపైన 2093.

మధ్యాహ్నం మూడూ ముప్పావుకి గుమస్తా చీటీతో వచ్చాడు. ఎంపికైనవారిలో ఇద్దరి సర్టిఫికెట్లు తేలలేదు. ఆ రెండు నంబర్లు తీసేయాలి. వాళ్ల సీట్లు శుక్రవారం దాకా ఆపి ఉంచుతారు, వెయిటింగ్ జాబితాను ఇప్పుడు ముట్టుకోరు. ఆమె ఎడమ కాలమ్‌లో ఇరవై మూడో లైను, నలభై ఒకటో లైను తీసేసింది. కిందివి పైకి జరిగాయి. అరవై లైన్ల పెట్టెలో రెండు లైన్ల చోటు మిగిలింది. కుడి పెట్టెలో పైన ఉన్న రెండు నంబర్లు ఆ చోటులోకి వచ్చాయి.

కుడివైపు చూసి ఉంటే ఆమెకి తెలిసేది. చూడలేదు. ఆ నంబరు మళ్లీ కంట పడటం ఇష్టం లేకపోయిందని తర్వాత చెప్పింది.

గుమస్తా ప్రింటు తీసుకుని, తీసేయమన్న రెండు నంబర్లు ఉన్నాయేమోనని చూశాడు. లేవు. లెక్కపెట్టలేదు. నాలుగూ పదికి సంతకం పెట్టి, పది కాపీలు పట్టుకుపోయాడు.

ఆమె తమ్ముడి ఇంట్లో పై గదిలో ఉంటుంది. తమ్ముడు సిటీ బస్సు డ్రైవరు. మరదలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మేనకోడలికి ఇరవై మూడేళ్లు, మూడేళ్లుగా కళ్లద్దాల షాపులో కౌంటర్ చూస్తోంది. ఈ కోర్సుకి రాయడం ఇది మూడోసారి. వయోపరిమితి ఇరవై మూడు. మళ్లీ రాయడానికి లేదు.

ప్రెస్‌లో కూర్చిన మ్యాటర్ బయటికి రాకముందు ఇంట్లో చెప్పకూడదన్నది స్కేలక్క పెట్టుకున్న నియమం. ఆదివారం మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. జాబితా ఏ ప్రెస్‌లో వేస్తున్నారో ఇంట్లో అందరికీ తెలుసు.

"అత్తా, చెప్పొద్దులే. ఊరికే నావైపు చూడు. ముఖం చూసి నేనే తెలుసుకుంటా," అంది మేనకోడలు.

"నా ముఖంలో ఏముందే, చత్వారం తప్ప."

"అద్దాలు మార్చుకోమంటే వినవు. రేపు నేను షాపు మానేస్తే నీకు తగ్గించి ఇచ్చేవాళ్లుండరు."

"వదినని కదపకు. ఆవిడ నోట్లోంచి మాట రావాలంటే ప్రూఫ్ మీద సంతకం పడాలి," అంది మరదలు.

తమ్ముడు నవ్వాడు. స్కేలక్క కూడా నవ్వింది. మేనకోడలు అడ్మిషన్ కాగితాల సంగతి ఎత్తింది. సీటు వస్తే మంగళవారం పొద్దున్నే వెళ్లాలి. ఎక్కడైనా ఉద్యోగం చేస్తుంటే మానేసినట్టు కాగితం తేవాలి. అది లేకుండా చేర్చుకోరు. జాబితాలో నంబరు చూసిన గంటలో షాపు ఓనర్‌కి రాజీనామా ఇచ్చేస్తానంది. ఆ ఓనర్ పండగ చేసుకుంటాడని, తన కుర్చీ కోసం ఆయన బావమరిది కూతురు ఆర్నెల్లుగా కాచుకుని ఉందని కూడా చెప్పింది.

స్కేలక్క అన్నం ముగించి పైకి వెళ్లింది.

సోమవారం పదీ ఐదుకి తమ్ముడు ప్రెస్‌కి ఫోన్ చేశాడు. ట్రిప్పు మధ్యలో కేంద్రం ముందు బస్సు ఆపి, దిగి చూసి వచ్చానన్నాడు. వెనక హారన్లు వినిపిస్తున్నాయి.

"అక్కా, వచ్చేసింది. ఎడమవైపు, అట్టడుగున. చివరి నంబరు మనదే."

 రెండు పోయాయి కాబట్టి రెండు పైకి తెచ్చుకున్నారేమో అనుకుంది స్కేలక్క. ఆఫీసువాళ్లు ఆదివారం మనసు మార్చుకుని ఉండవచ్చు.

"పెన్నుతో రాశారా?" అని అడిగింది.

"పెన్నేంటి?"

"ఆ చివరి నంబరు. చేత్తో రాశారా, అచ్చులో ఉందా?"

"అచ్చులోనే ఉందక్కా. అంతా నీ అచ్చే. ఇదుగో, వీళ్లు నన్ను కొట్టేలా ఉన్నారు, పెట్టేస్తున్నా. షాపుకి ఫోన్ చేసి అమ్మాయికి చెప్పేశాలే."

ఆమె ఫైలు తెరిచింది. పేజీ అడుగుకి వెళ్లింది. 2093, దాని కింద 1846. ఎడమ కాలమ్ లైన్లు లెక్కపెట్టింది. అరవై ఉన్నాయి. యాభై ఎనిమిది ఉండాలి. మళ్లీ లెక్కపెట్టింది.

పదీ ఇరవైకి మేనకోడలికి ఫోన్ చేసింది. మోగింది, తీయలేదు. కౌంటర్‌లో ఉన్నవాళ్ల ఫోన్లు సొరుగులో పెట్టించడం ఆ షాపు పద్ధతి. షాపు నంబరుకి చేసింది. ఎంగేజ్. కేంద్రానికి చేసింది. ఎంగేజ్. జాబితా పెట్టిన రోజు ఆ ఫోన్ ఎప్పుడూ అంతే. తమ్ముడు బస్సు నడుపుతూ తీయడు. మరదలికి చేయబోయి, ఏం చెప్పాలో తోచక ఆగిపోయింది.

ఓనర్ దగ్గరికి వెళ్లి చెప్పింది. ఆయన ప్రింటు తెచ్చుకుని తనూ లెక్కపెట్టాడు.

"సంతకం ఎవరిది?" అని అడిగాడు.

"గుమస్తాది."

"అయితే మనకేం? వాళ్లు అడిగితే చూద్దాం. నువ్వెళ్లి నెత్తిన వేసుకోకు."

"సార్, అందులో మా పిల్ల నంబరుంది."

ఓనర్ ప్రింటు బల్ల మీద పెట్టాడు. "మరింకేం. నోరు మూసుకుంటే మీ పిల్లకే మంచిది కదమ్మా."

అలా కుదరదని ఆమె చెప్పింది. కేంద్రంలో మంగళవారం ఒక్కొక్కరినీ పిలిచి మార్కుల రిజిస్టర్ చూస్తారు. రిజిస్టర్‌లో 1846 వెయిటింగ్‌లో ఉంటుంది. కాగితం మీద ఏమున్నా సీటు రాదు. ఉద్యోగం మాత్రం పోతుంది. ఓనర్ తల పట్టుకున్నాడు. వెళ్లమని చెప్పలేదు, వద్దని కూడా చెప్పలేదు.

ప్రెస్ నుంచి కళ్లద్దాల షాపుకి నడిస్తే పదిహేను నిమిషాలు. ఆటో దొరకలేదు. దారిలో రెండుసార్లు మేనకోడలికి ఫోన్ చేసింది. పదీ యాభై రెండుకి షాపులో అడుగుపెట్టింది. మేనకోడలు కౌంటర్ బయట, కళ్లు పరీక్షించేటప్పుడు కూర్చోబెట్టే కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో బ్యాగు, చేతిలో మడత పెట్టిన కాగితం.

"అత్తా, నువ్వే వచ్చేశావా? చూడు, ఎంత మర్యాదో. మూడేళ్లలో ఈ కుర్చీలో కూర్చోనివ్వలేదు. ఇవాళ కూర్చోమన్నారు," అంది.

"రాజీనామా ఇచ్చేశావా?"

"ఇచ్చేయడమేంటి, ఆయన సంతకం కూడా పెట్టించుకున్నా. ఇదిగో, రిలీవింగ్ లెటర్. పది నిమిషాల్లో పనైపోయింది."

స్కేలక్క పక్కనున్న స్టూల్ మీద కూర్చుంది. కాలమ్ పెట్టె గురించి, తీసేసిన రెండు లైన్ల గురించి, పైకి జరిగిన రెండు నంబర్ల గురించి చెప్పింది. పెట్టె అన్నప్పుడు చేతులతో కొలత చూపించింది. 

"అంటే నాది కుడివైపా?" అని అడిగింది మేనకోడలు.

"కుడివైపు."

"ఎన్నోది?"

"రెండోది."

"నీకు శనివారమే తెలుసు."

"తెలుసు."

"నిన్న అన్నం తింటున్నప్పుడు తెలుసు."

స్కేలక్క తలూపింది.

"ఒక్క మాట చెబితే ఏం పోయేదత్తా? వెయిటింగ్ అని తెలిస్తే, ఇవాళ ఎడమవైపు కనబడ్డా నిన్ను అడిగేదాన్ని కదా. నిన్ను అడక్కుండా రాజీనామా ఇచ్చేదాన్నా?"

 స్కేలక్క లేచి షాపు ఓనర్ దగ్గరికి వెళ్లింది. తప్పు తనదని, పిల్లది కాదని, లెటర్ వెనక్కి తీసుకుంటే ఆయన కాళ్లకి దండం పెడతానని చెప్పింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ విన్నాడు. కోప్పడలేదు.

"మీరు అరగంట ముందొచ్చి ఉంటే వేరేలా ఉండేదమ్మా. మా బావమరిదికి ఫోన్ చేసి చెప్పేశాను. ఎల్లుండి నుంచి వాళ్ల అమ్మాయి వస్తుంది. ఇప్పుడు కాదంటే మా ఇంట్లో నాకు అన్నం పెట్టరు."

ఫోన్ ఎన్నింటికి చేశారని ఆమె అడిగింది. పదీ ఇరవైకి అన్నాడు. ఆమె చేసినప్పుడు షాపు ఫోన్ ఎంగేజ్‌లో ఉండటానికి కారణం అదే.

పదకొండూ నలభైకి స్కేలక్క, మేనకోడలు కేంద్రానికి వెళ్లారు. జాబితా ముందు ఇంకా జనం ఉన్నారు. గుమస్తా ముందు నమ్మలేదు. గోడ దగ్గరికి వచ్చి, వేలు పెట్టి లెక్కపెట్టాడు. అరవై దగ్గర ఆగి, జేబులోంచి శనివారం నాటి చీటీ తీసి చూసుకున్నాడు. మీ చేత్తో మీరే పెట్టుకున్నారా అని స్కేలక్కని అడిగాడు. మేనకోడలు నంబరు ఏమిటో అప్పుడే తెలిసింది అతనికి. అలా అయితే చెప్పడానికి ఎందుకొస్తానని ఆమె అంది. అదీ నిజమేనన్నాడు అతను. పన్నెండూ పదికి జాబితా గోడ మీంచి తీయించాడు.

ప్రెస్‌లో ఆమె ఫైలు మళ్లీ తెరిచింది. యాభై ఎనిమిదో నంబరు పక్కన కర్సర్ పెట్టి, మెనూలో వెతికి కాలమ్ బ్రేక్ వేసింది. 2093, 1846 కుడి కాలమ్ పైకి వెళ్లాయి. ఎడమ కాలమ్ అడుగున రెండు లైన్ల ఖాళీ మిగిలింది. ఓనర్ వెనక నిలబడి చూశాడు. ఇంత చిన్న పనా అని అడిగాడు. అవునంది. సవరించిన జాబితా రెండున్నరకి గోడ మీదికి వచ్చింది.

 ఆ సాయంత్రం తమ్ముడు డిపోలో చెప్పుకున్నవాళ్లందరికీ ఒక్కొక్కరికే ఫోన్ చేసి, కాదట అని చెప్పాడు. మరదలు కుట్టు మిషన్ దగ్గర నుంచి లేవలేదు. మేనకోడలు రిలీవింగ్ లెటర్‌ని సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టింది. సీట్లు రెండు ఆగి ఉన్నాయి, వెయిటింగ్‌లో తనది రెండో నంబరు, ఆ ఇద్దరూ రాకపోతే తనకి వస్తుంది అని తల్లికి లెక్క చెప్పింది. అదే లెక్క మంగళవారం కూడా చెప్పింది.

స్కేలక్క మంగళవారం, బుధవారం మధ్యాహ్నం భోజనం వేళ కేంద్రానికి వెళ్లి వచ్చింది. ఆ ఇద్దరూ సర్టిఫికెట్లు తెచ్చారా అని అడిగింది. తేలేదన్నాడు గుమస్తా. రోజూ రావద్దని, ఏదైనా ఉంటే తనే కబురు చేస్తానని చెప్పాడు. బుధవారం కళ్లద్దాల షాపు కౌంటర్‌లో కొత్త అమ్మాయి కూర్చుంది.

గురువారం పదకొండున్నరకి, తీసేసిన ఇద్దరిలో ఒకరు సరిచేయించుకున్న సర్టిఫికెట్ తెచ్చి చూపించారు. కేంద్రం ఒప్పుకుని చేర్చుకుంది. రెండో వ్యక్తి శుక్రవారం కూడా రాలేదు.

శుక్రవారం సాయంత్రం ఐదింటికి అడ్మిషన్లు ముగిశాయి. వెయిటింగ్ జాబితా నుంచి ఒకరిని పిలిచినట్టు గుమస్తా చెప్పాడు. పిలిచిన నంబరు 2093.