ఇనబడుతాంది

‘ఇగో, చాయ్ వెట్టిన’ అని ఒకసారి చెబితే భానుచందర్ ఏనాడూ లేచింది లేదు. సోఫాలో కళ్ళు మూసుకుని పడుకునేవాడు. భార్య పద్మలత మళ్ళీ చెప్పేది, ఇంకోసారి చెప్పేది. గ్యాస్ అయిపోయిందన్నా, బిడ్డకు జ్వరమన్నా అదే తంతు. ఉలుకూ పలుకూ ఉండదు గానీ, కాలి బొటనవేలు మాత్రం పక్క వేలును గీకుతూ ఉండేది. ‘పొద్దుందాక ఎనుమాముల మార్కెట్ యార్డుల మిర్చి ఘాటుకు దగ్గుకుంట పని చేసి అచ్చిండు, జర పండనియ్యరాదే’ అని అత్త సమ్మమ్మ కసిరేది. పద్మలత పొద్దంతా ఎక్కడుందో ఎవరికీ పట్టదు. బడిలో పాఠాలు చెప్పి, వచ్చి వంట చేసి, చల్లారిన చాయ్ మళ్ళీ తనే వేడి చేసి తెచ్చేది. చుట్టాల ముందు ‘ఆయనకు జర చెవులు మందం’ అని నవ్వేసేది. మొగుడు తనను లెక్కచెయ్యడని చెప్పుకోవడం కన్నా చెవుడని చెప్పుకోవడమే మర్యాదగా తోచింది.

ఇప్పుడా మనిషి ప్రైవేటు దవాఖానలో మంచం మీదున్నాడు. మెదడులో నరం చిట్లితే ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ తర్వాత రక్తం సరిగ్గా అందని ఈ కొన్ని రోజులూ మెదడు అలసిపోకుండా మత్తుమందుతో నిద్రపుచ్చి ఉంచారు. తెలివి వస్తుందో లేదో చూడ్డానికి పొద్దున మందు ఆపారు. డాక్టర్ ఆయేషా భుజం తట్టి లేపింది. కళ్ళు తెరవలేదు.

"మీరు పిలవండమ్మా. తెలిసిన గొంతుకు పలుకుతరు."

పద్మలత వంగింది. "ఇగో... ఇంటాన్రా?"

రెప్ప కదల్లేదు. ఆయేషా మొహం వాడిపోయింది. "మెదడుకు దెబ్బ తగిలిందేమో. మళ్ళ మత్తుల పెట్టాల్సొస్తది."

అప్పుడు చూసింది పద్మలత. దుప్పటి చివర బొటనవేలు పక్క వేలును గీకుతోంది.

సిగ్గుతో చచ్చిపోయింది. చెప్పకపోతే లేనిపోని మందు ఎక్కిస్తారు. చెబితే, తన దగ్గర చదువుకున్న పిల్లలంత వయసున్న డాక్టర్ ముందు, నర్సుల ముందు కాపురమంతా బట్టబయలవుతుంది. కొంగు వేలికి చుట్టుకుంటూ, నేల చూస్తూ అంది:

"మేడం, ఆయనకు ఇనబడుతాంది. నేను పిలిస్తే ఇంట్ల గూడ గిట్లనే."

ఆయేషా దుప్పటి చివర కదులుతున్న వేలును చూసింది. "అయితే పేరు పెట్టి పిలవండి."

పెళ్ళయిన కొత్తలో ఎవరో అడిగితే మొగుడి పేరు చెప్పినందుకు ‘నోరెట్లొచ్చిందే నీకు’ అని ఇల్లెగిరిపోయేలా అరిచింది అత్త. ఆ అత్త అద్దం తలుపు అవతలే నిలబడి ఉంది.

"భానుచందర్!"

ఆ గొంతు తనదేనా అనిపించింది. అతని కళ్ళు తెరుచుకున్నాయి. కోపంగా, నేరుగా ఆమెనే చూశాయి.

"గుర్తువట్టిండు!" ఆయేషా మొహం విప్పారింది. "ఫికర్ చెయ్యకండి, మెదడుకేం కాలే."

తలుపు అవతల సమ్మమ్మ ఏదో అంటోంది. పద్మలత అటు తిరగలేదు. చూడ్డానికి చుట్టాలు వస్తారు. వాళ్ళకు ఈసారి ఉన్నమాటే చెబుతుంది: ఆయనకు మొదటినుంచీ అన్నీ వినబడతాయి.